ఆక్ స్ట్రీట్‌లో నాకు ఓటు లేదు

ఇంటికొచ్చి వారమైంది. సూట్‌కేసులు అటక ఎక్కాయి కానీ, మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి హాల్లోకి వస్తూ వస్తూ మధ్యలో ఒక గెంతు గెంతుతోంది. ఏంటని అడిగితే "కుడికాలు ముందా, ఎడమకాలు ముందా అని చూస్తున్నానండీ" అంటుంది. ఆమె అది మర్చిపోయేలోపు నేను ఇది రాసేయాలి.

మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. సహకార సంఘంలో సెక్రటరీగా చేసి రిటైరయ్యాను. అది కాక ఊరి భజన మండలికి ఇరవై రెండేళ్లు పద్దులు రాశాను. నాకు పాట రాదు, తాళం రాదు. చందా పుస్తకం, రసీదు బుక్కు, బ్యాంకు పాస్‌బుక్కు, ఇవీ నా వాయిద్యాలు. మా ఆవిడ ఐదేళ్లుగా ఆడవాళ్ల కోలాటం జట్టులో ఉంది. ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి ఫోన్లో "నాన్నా, ఇక్కడ ముసలాళ్లు కాళ్లకి గజ్జెలు కట్టుకుని, కర్రలు పట్టుకుని రోడ్డు మీద ఆడతారు, అమ్మని తీసుకురా" అంది. దాని పేరు మోరిస్ నాట్యం. ఆ ఒక్కదాని కోసమే వెళ్లామంటే అబద్ధం, మనవడున్నాడు. కానీ తిరిగింది మాత్రం దాని వెనకే.

సోమవారం, బాంప్టన్

మే ఆఖరి సోమవారం అక్కడ సెలవు. అసలు ఈ ఊళ్లో ఆట పెంతెకొస్తు మర్నాడు ఆడేవారు. ఆ పండగ మన పండగల్లాగే ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. 1971లో ప్రభుత్వం సెలవుని మే ఆఖరి సోమవారానికి కట్టేసింది. బాంప్టన్ వాళ్లు తిథిని వదిలి సెలవు వెంట నడిచారు. నాకు ఇందులో తప్పేం కనపడలేదు. ఆడేవాళ్లకి ఆఫీసు ఉంటే తిథి ఏం చేస్తుంది?

పొద్దున తొమ్మిదింటికి అమ్మాయి మమ్మల్ని దింపేసి మనవణ్ణి తీసుకుని వెళ్లిపోయింది. తేనెరంగు రాతి ఇళ్లు, గోడల మీద గులాబీలు, వీధిలో పురుగు లేదు. ఎక్కడో గలగలమని వినపడితే గజ్జెలనుకుని సందులోకి తిరిగాం. ఆ సందు తిన్నగా ఒకరి పెరట్లోకి పోయింది. గలగలలాడేది చెట్టుకి వేలాడదీసిన గాలిగంటలు. ఎనభై ఏళ్లుంటాయి, ఒక ముసలావిడ చేతిలో మొక్కల కత్తెరతో నిలబడి చూస్తోంది. నేను సారీ చెప్పేలోపు ఆవిడే సారీ చెప్పింది. అక్కడ వాళ్ల కాలు మనం తొక్కినా సారీ వాళ్లే చెబుతారు. "గంటలో వాళ్లు ఇక్కడికే వస్తారు, కూర్చోండి" అని టీ ఇచ్చింది. బాంప్టన్‌లో ఆట ఇలా ఇంటింటి తోటల్లో ఆడతారు, మన హరిదాసు గుమ్మం గుమ్మానికీ వచ్చినట్టు. తప్పుదారి పడితే పడ్డాం గాని, సరిగ్గా మొదటి వరసలో పడ్డాం.

వచ్చారు. ఆరుగురు మగాళ్లు, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, పూలు కట్టిన గుండ్రటి నల్ల టోపీ. మనం గజ్జెలు చీలమండకి కడతాం, వీళ్లు మోకాలి కింద ముంగాలికి కట్టుకుంటారు. తోలు పట్టీ మీద వరసలుగా కుట్టిన గంటలు. రెండు చేతుల్లో రెండు తెల్ల చేతిరుమాళ్లు. ముగ్గురూ ముగ్గురూ ఎదురెదురు నిలబడ్డారు. పెట్టె వాయించేవాడు ఒక గీత లాగాడు, ఆరు కాళ్లు ఒకేసారి లేచాయి. బరువైన మనుషులు, ఒకాయనకి నాకున్నంత పొట్ట. నేల మీద పడేటప్పుడు మాత్రం చప్పుడు లేదు, గజ్జెల మోతే. రుమాళ్లు పైకి ఎగిరి, గాలిలో ఒక్క క్షణం ఆగి పడుతున్నాయి.

"కర్రలు ఎప్పుడు తీస్తారు?" అని మా ఆవిడ మూడుసార్లు అడిగింది. ఎప్పుడూ తీయరు. బాంప్టన్ పద్ధతిలో కర్రలు లేవు, రుమాళ్లే. మోరిస్‌లో ఊరికో పద్ధతి ఉంటుందని, ఒక ఊరి అడుగు ఇంకో ఊరి అడుగుతో కలవదని ఆ రోజే తెలిసింది.

పక్కన ఒకతను కత్తి పట్టుకుని తిరుగుతున్నాడు. కత్తికి గుచ్చిన రేకు డబ్బా, చుట్టూ రిబ్బన్లు, లోపల కేకు. ఒక ముక్క తింటే ఏడాదంతా అదృష్టమట. ఎండు ద్రాక్ష దట్టంగా వేసిన గట్టి కేకు, కొంచెం పొడిబారింది. ప్రసాదానికి వంక పెట్టకూడదని పూర్తిగా తిన్నాను. హుండీలో రెండు పౌన్లు వేశాను.

మధ్యాహ్నం బాటలో ఇంకో జట్టు ఎదురైంది. అదే ఊరు, అదే తెల్లబట్టలు, అదే ఆట, మనుషులు వేరు. ఇదేంటంటే టీ ఇచ్చినావిడ నవ్వి, 1920ల కథ చెప్పింది. విలియం వెల్స్ అనే ఫిడేలు విద్వాంసుడు పాత జట్టు నుంచి వేరుపడి తన జట్టు కట్టుకున్నాడట. వందేళ్లు కావస్తున్నా ఊరికి ఒక్క జట్టు కాలేదు. నాకు మా మండలి గుర్తొచ్చింది. హార్మోనియం ఎవరింట్లో ఉండాలన్న దగ్గర రెండు ముక్కలైంది మాది. ఆరు జతల తాళాలు ఉంటే మూడూ మూడూ పంచి, రెండు పక్షాల చేతా సంతకాలు పెట్టించింది నేనే. హార్మోనియం ఇప్పటికీ మూడో మనిషి ఇంట్లో గోతం కింద ఉంది.

అదే సాయంత్రం, హెడింగ్టన్ క్వారీ

అమ్మాయి ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. మోరిస్ వాళ్లకి ఇది పుట్టిల్లు లాంటి చోటు. 1899 డిసెంబరు 26న సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టారు ఇక్కడ అత్తగారింట్లో కిటికీ దగ్గర కూర్చుని ఉండగా బయట గజ్జెలు మోగాయి. ఆడేవాళ్లలో తాపీ పనివాళ్లున్నారు. మంచుకి పనుల్లేక, కాలం కాని కాలంలో నాలుగు డబ్బులకి బయల్దేరారు. కాన్సర్టీనా అనే చిన్న చేతిపెట్టె వాయించిన విలియం కింబర్‌ని షార్ప్ మర్నాడు పిలిపించి, ఐదు వరసలు రాసుకున్నాడు. అప్పటికి చాలా ఊళ్లలో ఆట ఆగిపోయి ఉంది. అక్కణ్ణుంచి మళ్లీ అంటుకుంది. కూలి దొరికి ఉంటే ఆ రోజు వాళ్లు వచ్చేవారు కాదు, ఈయన చూసేవాడు కాదు.

పబ్బు ముందు ఆట. ఇక్కడ కర్రలున్నాయి! మా ఆవిడ లేచి నిలబడింది. ఒక ఆటలో వంగి కర్ర మొనతో నేలని పొడిచి, లేచి ఎదుటివాడి కర్రకి కొడతారు. దాని పేరు చిక్కుళ్లు నాటడం. ఆమె పక్కనున్న గడ్డి మీద వేళ్లతో లెక్క వేసుకుంటూ, "మనది ఎనిమిదికి మలుపు, వీళ్లదీ ఎనిమిదే. కానీ కొట్టేటప్పుడు చూపు కర్ర మీద పెట్టరు, మొహం మీద పెడతారు" అంది. నేను ఎంతసేపు చూసినా ఇది నాకు తట్టేది కాదు.

పబ్బులో బల్ల దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఎవరూ వచ్చి ఏం కావాలని అడగరు. చివరికి చొక్కా చెమటతో తడిసిన ఒక ఆటగాడు వచ్చి, కౌంటరు దగ్గరికి మనమే వెళ్లాలని చెప్పి, తనే వెంటబెట్టుకుని వెళ్లాడు. లెమనేడ్ అంటే నిమ్మరసం అనుకుని అడిగాను. తియ్యటి సోడా వచ్చింది, మూడు పౌన్లు. మన డబ్బుల్లో మూడు వందల పైమాటే. ఆ లెక్క మా ఆవిడకి ఇక్కడికొచ్చాకే చెప్పాను.

శనివారం, థాక్స్‌టెడ్

ఎసెక్స్ జిల్లాలో చిన్న ఊరు. అల్లుడు కారు తీశాడు, రెండున్నర గంటలు. కొండవాలు వీధి, పైన కర్రదూలాలతో కట్టిన పాత గిల్డ్‌హాల్, దాని వెనక పెద్ద చర్చి. ఇక్కడ 1911 నుంచి మోరిస్ జట్టు ఉంది. వేరే ఊళ్ల జట్లని పిలిచి కలిసి ఆడటం 1927లో మొదలైంది. పగలంతా జట్లు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి, సాయంత్రానికి ఈ వీధిలోకి దిగుతాయి.

ఇక్కడే నాకు నా జాతివాడు దొరికాడు. గోడకి ఆనుకుని కూర్చుని, ఒళ్లో తోలుసంచీ పెట్టుకుని, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. మీరు ఆడరా అంటే, "ఆడతాను, కానీ నేను బ్యాగ్‌మన్‌ని" అన్నాడు. ప్రతి జట్టుకీ ముగ్గురు పెద్దలు. స్క్వైర్ అంటే నాయకుడు, వీధిలో ఏం ఆడాలో అతని మాట. ఫోర్‌మన్ అంటే గురువు, చలికాలమంతా హాల్లో అడుగులు నేర్పేవాడు. బ్యాగ్‌మన్ అంటే సంచీ మనిషి. ఉత్తరాలు, బుకింగులు, చాలా జట్లలో డబ్బులు కూడా. మా మండలిలో నాకు పేరంటూ లేదు, "పద్దులాయన" అనేవారు. ఇక్కడ దానికి పదవి ఉంది, మర్యాద ఉంది. కొంచెం ఈర్ష్య కలిగిందని ఒప్పుకుంటాను.

మా ఆవిడ సంచీలోంచి ఆత్రేయపురం పూతరేకులు తీసి ఇచ్చింది. ఆయన ఒకటి పట్టుకుని, కాగితం ఎక్కడ విప్పాలా అని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కాగితమే తినాలని చెప్పాను. నమ్మలేదు. అల్లుడు తిని చూపించాక నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత మాట మాట్లాడకుండా రెండోది తీసుకున్నాడు. గడ్డం మీద బెల్లం పొడి. అప్పుడు మొదలైంది అసలు సంభాషణ.

దేశంలో మోరిస్ సంఘాలు మూడు. మొదటిది మోరిస్ రింగ్, 1934లో కేంబ్రిడ్జ్, థాక్స్‌టెడ్, ఆక్స్‌ఫర్డ్, లెచ్‌వర్త్, ఈస్ట్ సరే, గ్రీన్‌స్లీవ్స్ అనే ఆరు జట్లు కలిసి పెట్టుకున్నది. తొలి స్క్వైర్ ఈ ఊరి మనిషే, ఆలెక్ హంటర్, బట్టల డిజైన్లు వేసే ఆయన. అందులో అప్పట్లో మగజట్లే. "మరి ఆడవాళ్లు?" అని మా ఆవిడ వెంటనే. వాళ్లు 1975లో వేరే ఫెడరేషన్ పెట్టుకున్నారు. 1983లో దాని పేరులోంచి 'మహిళా' తీసేసి అందరికీ తలుపు తెరిచారు. మధ్యలో 1979లో ఓపెన్ మోరిస్ అని మూడోది. రింగ్ వాళ్లు 2018లో ఓటు పెట్టి ఆడవాళ్లున్న జట్లని కూడా చేర్చుకుంటామన్నారు.

ఇది నేను తెలుగులో చెబుతుంటే మా ఆవిడ మొహం చూడాలి. బ్యాగ్‌మన్ ఆ మొహం చూసి తనే ఇంకో సంగతి చెప్పాడు. షార్ప్ రాసుకున్న వరసల్ని 1905లో మొదట నేర్చుకున్నది లండన్‌లో కుట్టుపని చేసుకునే ఆడపిల్లలు. మేరీ నీల్ అనే ఆవిడ నడిపిన ఎస్పెరాన్స్ క్లబ్బులో. నేర్పడానికి కింబర్ స్వయంగా రైలెక్కి వెళ్లాడు. "నేర్చుకుని ఊరూరా నేర్పింది ఆడపిల్లలు, ఎనభై నాలుగేళ్లు బయట నిలబడిందీ ఆడవాళ్లే!" అంది మా ఆవిడ. ఆమె లెక్క ఎలా వేసిందో గాని, నేను కూడికలో తప్పు పట్టలేదు. మా ఊళ్లో కోలాటం ఒకప్పుడు మగవాళ్లది. ఇప్పుడు బ్రహ్మోత్సవాలకి తిరుమల వెళ్లే జట్లలో ఎవరున్నారో చూడండి.

మూడు సంఘాలు కొట్టుకోవా అంటే, కలిసి చేసే పనులు కొన్ని ఉన్నాయన్నాడు. ముఖ్యమైనది ఇన్సూరెన్స్. కర్ర ముక్క విరిగి ఎవరి కంట్లోనో పడితే? సభ్యత్వం కడితే ఆ పాలసీ వర్తిస్తుంది. "సంప్రదాయం కోసం చేరామంటారు, సగం మంది చేరేది దీనికోసమే" అని కన్ను కొట్టాడు. ఇంకొకటి 2020లో. వేల్స్ సరిహద్దు పల్లెల పద్ధతి జట్లు కొన్ని మొహానికి నల్లరంగు పూసుకునేవి. అది నల్లజాతివాళ్లని కించపరిచేలా ఉందని మూడు సంఘాలూ కలిసి వద్దన్నాయి. చాలా జట్లు నీలం, ఆకుపచ్చ రంగుల్లోకి మారాయి. లాంకషైర్‌లోని బేకప్ కోకోనట్ డాన్సర్లు మాత్రం మారమని బయటికి వెళ్లిపోయారు. ఆయన ఈ ముక్క చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు, చుట్టూ చూశాడు. అన్ని సంఘాల్లోనూ ఆ గొంతు నాకు తెలుసు.

రాత్రి చీకటి పడుతుండగా వీధి దీపాల కింద జనం సర్దుకుని దారి వదిలారు. ఎవరూ ఏమీ చెప్పలేదు, మాటలు వాటంతటవే ఆగిపోయాయి. దూరంగా ఒక్క ఫిడేలు. చర్చి వైపు నుంచి మనుషులు ఒకరి వెనక ఒకరు, భుజాల మీద దుప్పికొమ్ములు మోసుకుంటూ వచ్చారు. గజ్జెలు లేవు. స్టాఫర్డ్‌షైర్‌లోని ఆబట్స్ బ్రామ్లీ అనే ఊరి కొమ్ముల ఆట అది. ఆ ఊళ్లో ఉన్న అసలు కొమ్ములు పదకొండో శతాబ్దం నాటివని కార్బన్ పరీక్షలో తేలింది. కొమ్ములవాళ్లు ఎదురెదురుగా ముందుకొచ్చి, తల వంచి, వెనక్కి తగ్గి, పక్కనుంచి దాటిపోయారు. మనవడు అల్లుడి భుజం మీద నిద్రపోయాడు. మా ఆవిడ చేతులు జోడించింది, ఎవరికో ఆమెకే తెలియాలి. ఫిడేలు వీధి చివర మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా చప్పట్లు లేవు.

మంగళవారం, లండన్

రీజెంట్స్ పార్క్ దగ్గర సెసిల్ షార్ప్ హౌస్, 1930లో తెరిచిన ఇటుకల భవనం. జానపద నృత్య, గాన సంఘం ఆఫీసు. లోపల గ్రంథాలయం. రైలు దిగి పార్కుకి అవతలి వైపు వెళ్లిపోయి, ముప్పావుగంట నడిచాం. ఒంటెలు కనపడేసరికి జంతుప్రదర్శనశాల గోడ పక్కన ఉన్నామని అర్థమైంది. భవనం పెద్దగా చూసిందేం లేదు. క్యాంటీన్‌లో కూరగాయల సూపు, రొట్టె తిన్నాం. మా ఆవిడ సూపులో ఆవకాయ కలుపుకుంది.

ఒక్క సంగతి కోసం ఈ రోజుని రాయాలి. ఇంగ్లండులో మోరిస్ గురించి దొరికిన మొట్టమొదటి రాత పాట కాదు, బొమ్మ కాదు. 1448లో లండన్ కంసాలుల సంఘం మోరిస్ ఆడినవాళ్లకి ఏడు షిల్లింగులు ఇచ్చినట్టు రాసుకున్న ఖర్చు పద్దు. ఎవరు ఆడారో, ఎలా ఆడారో లేదు. ఆ గుమాస్తా ఆ రోజు బద్ధకించి ఉంటే ఈ ఆట వయసు ఎంత తగ్గిపోయేదో. ఇంటికి రాగానే మా మండలి పాత పద్దు పుస్తకాలు బీరువాలోంచి తీసి, చెదపురుగుల మందు చల్లాను.

ఇంకో శనివారం, అబింగ్డన్

హెడింగ్టన్ నుంచి రెండు బస్సులు, మనిషికి ఎక్కినప్పుడల్లా మూడు పౌన్లు. అబింగ్డన్ 1974 దాకా బెర్క్‌షైర్ జిల్లా, గీతలు మార్చాక ఆక్స్‌ఫర్డ్‌షైర్. తూర్పుగోదావరి వాణ్ణనుకుంటూ పెరిగి కోనసీమ జిల్లా వాణ్ణైన నాకు ఈ ఊరి మీద అభిమానం పుట్టింది.

జూన్ 19కి దగ్గరి శనివారం ఇక్కడ ఆక్ స్ట్రీట్ మేయరు ఎన్నిక. ఊరికి అసలు మేయరు వేరే ఉన్నాడు. ఈయన ఒక్క వీధికి మేయరు, నిలబడేది మోరిస్ జట్టులోని వాళ్లే, ఓటు ఆ వీధిలో కాపురం ఉండేవాళ్లకే. 1700లో సంతలో ఎద్దుని కాల్చి పంచినప్పుడు, దాని కొమ్ముల కోసం ఆక్ స్ట్రీట్ వాళ్లకీ వైన్‌యార్డ్ వీధి వాళ్లకీ కొట్లాట జరిగిందట. ఆక్ స్ట్రీట్ గెలిచింది. కర్రకి బిగించిన ఆ కొమ్ముల జత ఇప్పటికీ జట్టు ముందు నడుస్తుంది, దాని మీద 1700 అని అంకెలు. కొమ్ములు, కత్తి, చెక్క గిన్నె, ఇవీ మేయరు అధికార చిహ్నాలు.

బల్ల, దాని మీద బ్యాలెట్ పెట్టె, చీటీలు, పెన్సిలు. సహకార సంఘం ఎన్నికలు చాలానే చూసిన నాకు ఒళ్లు పులకరించింది. పోలింగు ఏజెంట్లు లేరు, పోలీసులు లేరు, బిర్యానీ ప్యాకెట్లు లేవు. కుక్కని పట్టుకుని ఒకావిడ వచ్చింది, పేరు చెప్పింది, చీటీ మడిచి వేసింది, పోయింది. నేనూ వెళ్లి బల్ల ముందు నిలబడ్డాను.

"ఏ నంబరు ఇల్లండీ?"

"హెడింగ్టన్."

ఆయన చాలా బాధపడుతూ, ఆ వీధి కాస్త దూరమైపోయిందన్నాడు. ఓటర్ల జాబితా ఒక్కసారి చూడొచ్చా అని అడిగాను, అలవాటు కొద్దీ. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

ఎదుటి పేవుమెంటు మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఒక కుర్రాడు, ఇరవై ఏళ్లుండవు, గజ్జెలతో వచ్చి పక్కన కూలబడి వాసన బాగుందన్నాడు. పెట్టాం. ఎండుమిరపకాయ ఏరి పక్కన పెట్టాలని చెప్పేలోపే కొరికాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా "లవ్లీ" అన్నాడు. వాళ్ల మర్యాదకి హద్దుల్లేవు. కుర్రాళ్లు రావడం లేదు, ఇంకో ఇరవై ఏళ్లలో ఆట అంతరిస్తుందని 2009లో రింగ్ వాళ్లు పేపర్లకి ఎక్కారట. ఆ కుర్రాడు నీళ్లసీసా ఖాళీ చేసి మళ్లీ ఆటకి పరిగెత్తాడు.

మధ్యాహ్నం దాటాక చీటీలు లెక్కపెట్టారు. గెలిచినాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీదికి ఎత్తారు. ఆయన ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో కుర్చీ అంచు పట్టుకున్నాడు. గిన్నెలోది ఒలికిపోతుందన్న భయం, తాను పడిపోతానన్న భయం రెండూ సమానంగా ఉన్నాయి మొహంలో. కొమ్ములు ముందు, కుర్చీ వెనక, గజ్జెల మోత, కార్లు ఆగిపోయాయి, ఒక్కడూ హారన్ కొట్టలేదు. మా ఆవిడ ఊరేగింపు పక్కనే నడుస్తూ, అడుగు కలిపేసింది. చేతిలో రుమాలు లేదు, చీర కొంగు ఉంది.

నాకు ఎన్ని ఓట్లతో గెలిచాడో తెలియాలి. ప్రకటించినప్పుడు చప్పట్లలో వినపడలేదు. వెనక సంచీ మోసుకుంటూ నడుస్తున్న పెద్దాయన్ని పట్టుకుని, మెజారిటీ ఎంతని అడిగాను. ఆయన ఆగి, సంచీ మీద తట్టి, "మినిట్స్‌లో రాస్తామండీ" అని వెళ్లిపోయాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సభ్యులకి నేను చెప్పిన జవాబే అది. ఎంత మండుతుందో ఇప్పుడు తెలిసింది.